ఇద్దరి బల్ల దగ్గర ఒక్కడు

(దళిత విద్యార్థులు, ఉపాధ్యాయుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును చాలావరకు అట్లాగే వుంచాం.)

 

అమెరికా నల్లజాతి పోరాటం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఆ మాట అనగానే మనకు రెండు పేర్లు గుర్తుకొస్తాయి. మార్టిన్ లూథర్ కింగ్, మాల్కం ఎక్స్. వాళ్ళ బొమ్మలు మన హాస్టలు గదుల గోడల మీద వుంటాయి. వాళ్ళ గురించి మీకు నాకన్నా ఎక్కువ తెలుసు. అందుకని ఈ వేళ నేను ఒక పల్లెటూరి పంతులు గురించి చెబుతాను. ఆయన బొమ్మ మన గోడల మీద లేదు. ఆయన పేరు కూడా మనలో చాలామంది విని వుండరు. రాబర్ట్ క్లార్క్. మిసిసిపీ రాష్ట్రంలో హోమ్స్ కౌంటీ అనే చోట, ఎబెనేజర్ అనే పల్లెలో 1928లో పుట్టాడు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి. 36 ఏళ్ళు ఆ రాష్ట్ర శాసనసభలో కూర్చున్నాడు. 2025 మార్చి 4న, 96 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

అమెరికా ముచ్చట మనకెందుకని అడిగేవాళ్ళు వుంటారు. 1946లో బాబాసాహెబ్ అంబేడ్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కి ఉత్తరం రాశారు. నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి మహజరు పెట్టుకుంటున్నారని విని, దాని ప్రతి కావాలని అడిగారు. మీ స్థితికీ మా స్థితికీ పోలిక వుందని రాశారు. డుబోయిస్ జవాబిచ్చారు. అంత పెద్దాయన, అన్ని పనుల్లో తలమునకలుగా వుండి, అక్కడివాళ్ళు ఏం చేస్తున్నారో తెలుసుకోవాలనుకున్నారు. మనం తెలుసుకుంటే తప్పేముంది?

ముందు ఒక దృశ్యం చెబుతాను. 1968 జనవరి. మిసిసిపీ రాజధాని జాక్సన్ నగరం. ప్రతినిధుల సభలో 122 మంది సభ్యులు. బల్లలన్నీ ఇద్దరిద్దరు కూర్చునేవి. ఒక్క బల్ల దగ్గర మాత్రం ఒకే మనిషి వున్నాడు. పక్క కుర్చీ ఖాళీ. ఆ కుర్చీలో కూర్చోవటానికి 121 మందిలో ఒక్కడు కూడా రాలేదు. ఎందుకంటే బల్ల దగ్గర వున్నవాడు నల్లవాడు. 19వ శతాబ్దం చివర్లో నల్లవాళ్ళను వెళ్ళగొట్టిన తర్వాత ఆ సభలోకి అడుగు పెట్టిన మొదటి నల్లవాడు. ఆ కుర్చీ ఒక రోజు కాదు, ఒక నెల కాదు, ఎనిమిదేళ్ళు ఖాళీగానే వుంది.

వేరే గ్లాసు అంటే ఏమిటో, వేరే బంతి అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. ఇది వేరే బల్ల. శాసనాలు చేసే చోట, రాజ్యాంగం మీద ప్రమాణం చేసినవాళ్ళ మధ్య వేసిన వేరే బల్ల.

ఆ ఖాళీ కుర్చీ చూసి జాలిపడి లేచిపోవటానికి నేను ఇక్కడికి రాలేదు. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. ఆ మనిషి అక్కడిదాకా ఎట్లా వచ్చాడు? వచ్చాక ఎట్లా నిలబడ్డాడు? నిలబడి ఏం తెచ్చాడు? ఈ మూడూ చూద్దాం.

అక్కడిదాకా ఎట్లా వచ్చాడో తెలియాలంటే ఆయన్ని కాసేపు పక్కన పెట్టి, ఆయన కౌంటీలోని నేల గురించి మాట్లాడాలి. హోమ్స్ కౌంటీలో కొంత గుట్టల నేల, కొంత డెల్టా. డెల్టా అంటే నల్ల రేగడి, పత్తి. పత్తి ఎవరిదో, వేళ్ళు చీరుకుపోయేదాకా ఏరే చేతులు ఎవరివో వేరే చెప్పాలా? 1960లో ఆ కౌంటీ జనాభా 27 వేలు. అందులో నూటికి 70 మందికి పైగా నల్లవాళ్ళు. ఓటరు జాబితాలో వున్న నల్లవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టే అంతమంది.

ఓటు లేదని చట్టంలో ఎక్కడా రాసి లేదు. 1870 నుంచే అమెరికా రాజ్యాంగం రంగును బట్టి ఓటు కాదనకూడదంటోంది. మరి ఎట్లా ఆపారు? 1890లో మిసిసిపీ తన రాష్ట్ర రాజ్యాంగాన్ని తిరగరాసుకుంది. ఓటుకు పన్ను పెట్టింది. చదువు పరీక్ష పెట్టింది. ఆ రాజ్యాంగంలో 285 సెక్షన్లున్నాయి. గుమాస్తా ఏ సెక్షన్ చూపిస్తే దానికి అర్థం చెప్పాలి. చెప్పింది సరిగా వుందో లేదో తేల్చేది ఆ గుమాస్తానే. అక్షరం రాని తెల్లవాడు పాసవుతాడు, పట్టా పుచ్చుకున్న నల్ల పంతులు ఫెయిలవుతాడు. ఓటు గురించిన సెక్షన్లలో నలుపు అనే మాటే లేదు, చూశారా! కులం పేరెత్తకుండా కులం పని చేసే చట్టాలు ఎట్లా వుంటాయో తెలుసుకోవాలంటే ఆ 1890 పత్రం చదవాలి.

పరీక్ష ఒక్కటే అయితే ఏదో ఒక రోజు గట్టెక్కేవాళ్ళు. దాని వెనక ఆకలి వుంది. డెల్టాలో నల్లవాళ్ళు ఎక్కువమంది దొర భూమిలో పాలికి చేసుకునేవాళ్ళు. ఇల్లు దొరది, విత్తనం దొరది, కొట్టులో అప్పు దొరది. ఓటు కోసం కచేరీకి వెళ్ళిన మాట సాయంత్రానికి దొర చెవిన పడుతుంది. డెల్టాలోనే సన్‌ఫ్లవర్ కౌంటీలో ఫానీ లూ హేమర్ అనే అక్క 1962 ఆగస్టు 31న ఓటు నమోదుకు వెళ్ళింది. 18 ఏళ్ళు చాకిరీ చేసిన తోటలోంచి ఆ రోజే ఆమెను వెళ్ళగొట్టారు. ఓటు అడిగితే కూడు పోతుంది, గూడు పోతుంది. ఇక ఎవడడుగుతాడు?

ఇక్కడే హోమ్స్ కౌంటీలో ఒక తేడా వుంది. 1930లలో పెద్ద మాంద్యం వచ్చినప్పుడు రూజ్వెల్టు ప్రభుత్వం కొన్నిచోట్ల దివాలా తీసిన తోటలు కొని భూమిలేని వాళ్ళకు పంచింది. మైల్‌స్టన్ అనే చోట సుమారు 9 వేల ఎకరాలు కొని వందకు పైగా నల్ల కుటుంబాలకు ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు. దీర్ఘకాలపు అప్పు మీద ఇచ్చింది. వాళ్ళు చెమటోడ్చి కట్టుకున్నారు. సొంత ఇళ్ళు లేచాయి. సహకార పద్ధతి మీద సొంత పత్తి జిన్ను పెట్టుకున్నారు, సొంత దుకాణం పెట్టుకున్నారు. పత్తి తెల్లవాడి జిన్నుకు తోలనక్కర్లేదు, ఉప్పు పప్పు కోసం తెల్లవాడి కొట్టు ముందు నిలబడనక్కర్లేదు.

మిత్రులారా, ఈ ఒక్క ముక్క రాసుకోండి. 1963 ఏప్రిల్ 9న హోమ్స్ కౌంటీ కేంద్రం లెక్సింగ్టన్‌లో కోర్టు మెట్ల దగ్గరికి ఓటు నమోదుకు 14 మంది నల్లవాళ్ళు కలిసి వెళ్ళారు. ఆడవాళ్ళు వున్నారు, ముసలివాళ్ళు వున్నారు. వాళ్ళు పట్నం చదువులు చదివినవాళ్ళు కారు. మైల్‌స్టన్ రైతులు. విద్యార్థి ఉద్యమ కార్యకర్తలు ఊళ్ళోకి వచ్చి ధైర్యం చెప్పిన మాట నిజమే. కానీ ఆ కార్యకర్తలను పిలిపించుకున్నదీ, ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టిందీ ఆ రైతులే. కోర్టు ముందు పోలీసులు అడ్డం నిలబడి ముందు ఎవరు వస్తారో రండి అన్నారు. హార్ట్‌మన్ టర్న్‌బో అనే రైతు ముందుకు నడిచాడు. ఆ రోజు గంటల తరబడి నిలబెట్టారు. ఒక్కరికీ ఓటు ఇవ్వలేదు.

నెల తిరిగింది. మే నెలలో ఒక అర్ధరాత్రి టర్న్‌బో ఇంటి మీద నిప్పుసీసాలు పడ్డాయి. బయటికి వస్తే తుపాకులు పేలాయి. ఆయనా తుపాకి తీశాడు. వచ్చినవాళ్ళు పారిపోయారు. తెల్లారి పోలీసులు వచ్చి ఎవర్ని పట్టుకున్నారనుకుంటున్నారు? టర్న్‌బోనే! తన కొంపకు తనే నిప్పు పెట్టుకున్నాడని కేసు! ఈ కథ మీరెక్కడో విన్నట్టుంది కదూ? నేను మన ఊళ్ళ పేర్లు చెప్పను. మీరే పోల్చుకోండి.

టర్న్‌బో ఊరు విడిచి పోలేదు. పొమ్మనటానికి ఆ భూమి ఏ దొరదీ కాదు. అదీ తేడా. అంత పెద్ద రాష్ట్రంలో మొదటి నల్ల శాసనసభ్యుడు ఆ కౌంటీ నుంచే ఎందుకు వచ్చాడంటే నాకు కనిపించే మొదటి కారణం ఇది. కాళ్ళ కింద సొంత నేల వున్నవాళ్ళు కొందరు ముందు నడిచారు. నేల లేనివాళ్ళు వాళ్ళను చూసి వెనక నడిచారు. 1965 ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చింది. చదువు పరీక్షలు ఎత్తేసింది. కేంద్రం అధికారులు వచ్చి కూర్చుని వేల మందిని నమోదు చేశారు. ఈ చట్టం ఢిల్లీలాంటి వాషింగ్టన్ నుంచి వచ్చింది, నిజమే. దాన్ని అందుకునే చేతులు మాత్రం అప్పటికే మైల్‌స్టన్‌లో సిద్ధంగా వున్నాయి.

ఇప్పుడు క్లార్క్ దగ్గరికి వద్దాం. ఈయనదీ సొంత నేల వున్న కుటుంబమే. బానిసత్వం పోయాక ముందు తరాలవాళ్ళు సంపాదించుకుని కాపాడుకున్న నేల. జాక్సన్ కాలేజీలో 1952లో డిగ్రీ చేశాడు. ఉత్తరాదికి వెళ్ళి మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో పై చదువు చదివాడు. తిరిగి వచ్చి పాఠాలు చెప్పాడు, పిల్లలకు ఆటలు నేర్పాడు. ఉత్తరాదిలో వుండిపోయి వుంటే సుఖంగా బతికేవాడు. రాలేదే అని ఎవరూ అడిగేవాళ్ళు కారు. మనలోనూ చదువుకుని పట్నంలో ఇల్లు కట్టుకుని పేటకు రావటం మానేసినవాళ్ళున్నారు. నేను ఎవర్నీ వేలెత్తి చూపటం లేదు. నాకూ పట్నంలో ఇల్లుంది.

పంతుళ్ళ గురించి ఒక మాట చెప్పాలి, ఇక్కడ పంతుళ్ళు చాలామంది కూర్చున్నారు కాబట్టి. మిసిసిపీ ఉద్యమంలో నల్ల ఉపాధ్యాయులు మొదట్లో వెనకే వున్నారు. ఉద్యోగం తెల్లవాళ్ళ స్కూలు బోర్డు చేతిలో. ఉద్యమం వైపు చూస్తే మరుసటేడు ఉద్యోగం వుండదు. అందుకే ముందు నడిచింది రైతులు. పంతులుగారు తర్వాత వచ్చాడు. వచ్చినవాడు ఏం అడిగాడు? పెద్దవాళ్ళకు చదువు చెప్పే తరగతులు పెట్టమని అడిగాడు. అక్షరం లేక ఓటు పోగొట్టుకున్న జనానికి అక్షరం ఇమ్మన్నాడు. బోర్డు కాదంది. స్కూళ్ళ సూపరింటెండెంటు కాదన్నాడు. అయితే ఆ సూపరింటెండెంటు పదవికి నేనే పోటీ చేస్తానన్నాడు క్లార్క్. అది జనం ఓటుతో ఎన్నికయ్యే పదవి.

అప్పుడు శాసనసభ ఏం చేసిందో చూడండి. నల్లవాళ్ళకు ఓటు వచ్చేసింది, ఇక ఆపలేం. సరే, ఓటు వుండనిద్దాం, ఓటుకు అందే పదవులు తీసేద్దాం అనుకుంది. 1966లో వరసగా చట్టాలు చేసింది. కొన్ని కౌంటీల్లో స్కూళ్ళ సూపరింటెండెంటును ఇక ఎన్నుకోరు, బోర్డు నియమిస్తుంది అంది. స్వతంత్ర అభ్యర్థులు నిలబడటానికి కొత్త అడ్డంకులు పెట్టింది. వార్డుల వారీ ఎన్నికలున్న చోట కౌంటీ మొత్తాన్ని ఒకే నియోజకవర్గం చేసుకోవచ్చంది. నిచ్చెన ఎక్కుతున్నవాడి కాళ్ళు పట్టి లాగటం పాత పద్ధతి. నిచ్చెన మెట్లే ఊడబీకటం కొత్త పద్ధతి. ఇట్లాంటి మార్పులు కేంద్రం ముందస్తు అనుమతి లేకుండా చెల్లవని సుప్రీంకోర్టు 1969లో చెప్పింది. ఆ ముందస్తు అనుమతి ఏ రాష్ట్రాలకు వర్తించాలో చెప్పే సూత్రాన్ని అదే సుప్రీంకోర్టు 2013లో కొట్టేసింది. గెలిచిన హక్కు గెలిచినట్టే వుంటుందని నిద్రపోకూడదనటానికి ఈ ఒక్కటి చాలు.

సూపరింటెండెంటు పదవి చేజారింది కదా, క్లార్క్ ఇంటికి పోయాడా? లేదు. ఆ చట్టం చేసిన సభకే పోతానన్నాడు. చిన్న తలుపు మూస్తే పెద్ద తలుపు తట్టాడు. 1967లో ఫ్రీడం డెమోక్రాటిక్ పార్టీ మద్దతుతో నిలబడ్డాడు. అది నల్లవాళ్ళు సొంతంగా పెట్టుకున్న పార్టీ. మిసిసిపీ డెమోక్రాటిక్ పార్టీ వాళ్ళను గడప తొక్కనివ్వకపోతే 1964లో వేరుకుంపటి పెట్టుకున్నారు. పల్లెపల్లెకూ తిరిగారు. అప్పటి సభ్యుడు జె.పి. లవ్ మీద 116 ఓట్ల మెజారిటీతో గెలిచాడు. 116 ఓట్లు! ఒక పేట బండెక్కకపోతే పోయే మెజారిటీ. ఓడినవాడు ఎన్నిక చెల్లదని అభ్యంతరం పెట్టాడు. తర్వాత వెనక్కి తీసుకున్నాడు. ఆ ఏడాది రాష్ట్రం మొత్తం మీద 22 మంది నల్లవాళ్ళు చిన్నా పెద్దా పదవులకు గెలిచారు. శాసనసభకు గెలిచింది మాత్రం ఈయన ఒక్కడే.

ఇక్కడ ఆగి ఒక సంగతి ఆలోచించాలి. క్లార్క్‌ను నిలబెట్టింది ఎవరు? ఏ పెద్ద పార్టీ నాయకుడూ పిలిచి టిక్కెట్ ఇవ్వలేదు. ఏ దొరా వీడు మనకు పనికొచ్చేవాడే అని భుజం తట్టలేదు. సొంత జనం మీటింగులు పెట్టుకుని, సొంత పార్టీ పెట్టుకుని, సొంత ఓట్లతో పంపారు. పూనా ఒడంబడిక తర్వాత బాబాసాహెబ్ జీవితాంతం చెప్పిన బాధ ఇదే గదా! సీటు మన పేరు మీద వుంటుంది, సీటులో ఎవరు కూర్చోవాలో ఎదుటివాళ్ళు తేలుస్తారు. క్లార్క్‌కు రిజర్వేషన్ సీటు లేదు. కానీ ఆయన్ని పంపినవాళ్ళెవరో ఆయనకు తెలుసు. వాళ్ళకు తప్ప ఇంకెవరికీ ఆయన బాకీ లేడు. అందుకే ఖాళీ కుర్చీ పక్కన ఎనిమిదేళ్ళు కూర్చోగలిగాడు. వెనక మనుషులున్నవాడికి పక్కన మనిషి లేకపోయినా గడుస్తుంది.

ఆ ఎనిమిదేళ్ళూ ఏం చేశాడు? 121 మంది ముఖం తిప్పుకుంటే ఒక్క ఓటుతో ఏ చట్టం నెగ్గుతుంది? సభ నియమాలు నేర్చుకున్నాడు. పోకుండా రోజూ వచ్చి కూర్చున్నాడు. వినటానికి ఇది చిన్న పని. మీలో ఎవరైనా ఒక ఆఫీసులో, ఒక స్టాఫ్ రూములో ఒక్కరే మనవాళ్ళయి వుంటే అది ఎంత పనో మీకు తెలుసు. అక్కడ మాట పడటం కన్నా మాట లేకపోవటం ఎక్కువ కోస్తుంది.

సభలో కోర్టులు కూడా సాయం చేశాయి. నియోజకవర్గాల హద్దుల మీద ఏళ్ళ తరబడి వ్యాజ్యాలు నడిచాయి. పెద్ద పెద్ద నియోజకవర్గాలు చేసి అందులో నల్ల ఓట్లు ముంచేయటం తెల్లవాళ్ళ ఎత్తు. కోర్టులు వాటిని విడగొడుతూ వచ్చాయి. 1975 ఎన్నికల్లో జాక్సన్ వైపు నుంచి మరో ముగ్గురు నల్లవాళ్ళు గెలిచి వచ్చారు. 1979లో రాష్ట్రమంతా ఒక్కొక్కరి నియోజకవర్గాలయ్యాక రెండు సభల్లో కలిపి 17 మందయ్యారు. హద్దు గీత ఎక్కడ గీస్తారన్నది పటాల పని అనుకుంటాం. కాదు, అది పేటల పని.

ఈలోగా బడిలో ఏం జరిగింది? తెల్ల బడి, నల్ల బడి వేరుగా వుండటం చెల్లదని 1954లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మిసిసిపీ ఏం చేసింది? నిర్బంధ విద్య చట్టాన్ని 1956లో రద్దు చేసుకుంది. నల్ల పిల్లల పక్కన మా పిల్లలు కూర్చోవాల్సి వస్తే అసలు ఎవరూ బడికి రావాలనే చట్టమే వద్దంది. కడుపులో ఎంత విషముంటే ఒక ప్రభుత్వం అట్లా చేస్తుంది! పదిహేనేళ్ళు సాగదీశారు. చివరికి 1969 అక్టోబరు 29న సుప్రీంకోర్టు ఇక ఒక్క రోజు కూడా సాగదీయటానికి వీల్లేదని తీర్పు చెప్పింది. ఆ కేసు పేరేమిటో తెలుసా? అలెగ్జాండర్ వర్సెస్ హోమ్స్ కౌంటీ స్కూలు బోర్డు. అదే కౌంటీ! క్లార్క్ కౌంటీ! ఆ పల్లె తల్లిదండ్రులు, పిల్లలు కోర్టుకెక్కి గెలుచుకున్న తీర్పు అది. బడులు కలిశాయి. వెంటనే తెల్లవాళ్ళు ప్రైవేటు అకాడెమీలు పెట్టుకుని పిల్లల్ని తీసుకుపోయారు. హోమ్స్ కౌంటీ సర్కారు బడిలో నల్ల పిల్లలే మిగిలారు. కోర్టు తీర్పు గెలిచింది, బడి ఓడిపోయింది. తమ పిల్లలు లేని బడికి పన్ను కట్టమంటే ఎవరు కడతారు? సర్కారు బడి మీద పెద్దవాళ్ళకు ప్రేమ ఎప్పుడు పోతుందో ఇప్పుడు తెలిసింది గదా!

ఆ పరిస్థితిలో 1977లో క్లార్క్ ప్రతినిధుల సభ విద్యా కమిటీకి ఛైర్మన్ అయ్యాడు. ఒక కౌంటీ బడుల మీద పెత్తనం ఇవ్వకుండా చట్టమే మార్చారు గదా, అదే మనిషి రాష్ట్రంలోని బడులన్నిటి చట్టాలూ చూసే కుర్చీలో కూర్చున్నాడు. పదేళ్ళు కూర్చున్నాడు.

కూర్చుని ఏం తెచ్చాడు? ఇది మూడో ప్రశ్న. 1980ల మొదట్లో మిసిసిపీలో రాష్ట్రమంతటికీ సర్కారు కిండర్‌గార్టెన్లు లేవు. డబ్బున్నవాళ్ళ పిల్లలు ప్రైవేటులో అక్షరాలు దిద్దుకుని ఒకటో తరగతికి వస్తారు. కూలివాళ్ళ పిల్లలు వట్టి చేతులతో వస్తారు. మొదటి రోజే ఓటమి. విలియం వింటర్ అనే గవర్నరు దీన్ని మార్చాలనుకున్నాడు. క్లార్క్ కమిటీలో, సభలో నిలబడ్డాడు. 1982 ఫిబ్రవరిలో కిండర్‌గార్టెన్ బిల్లు చివరి గడువు రోజున సభ్యులు లేచి ఓటింగ్ కావాలని అడుగుతుంటే స్పీకరు న్యూమన్ చూడనట్టు నటించి సభ వాయిదా వేసి వెళ్ళిపోయాడు. బిల్లు చచ్చింది. క్లార్క్‌ను ఛైర్మన్ చేసింది కూడా ఆ న్యూమనే. ఇది బాగా గుర్తుంచుకోండి. కుర్చీ ఇచ్చిన చెయ్యే పనిని ఆపుతుంది.

బిల్లు చచ్చిపోయిందని వాళ్ళు ఊరుకోలేదు. ఆ ఏడాదంతా ఊరూరా సభలు పెట్టారు. తల్లులు వచ్చారు. స్పీకరు చేసిన పని దేశమంతా టీవీలో చూసింది. డిసెంబరులో ప్రత్యేక సమావేశం పిలిచారు. క్రిస్మస్‌కు ముందు విద్యా సంస్కరణల చట్టం నెగ్గింది. రాష్ట్రమంతా సర్కారు కిండర్‌గార్టెన్లు వచ్చాయి. పిల్లలు బడికి రావాలనే నిబంధన గట్టిపడింది. చిన్న తరగతుల్లో చదవటం నేర్పటానికి సహాయకులు వచ్చారు. పంతుళ్ళ జీతాలు పెరిగాయి. దీనికోసం పన్నులు పెంచారు. పన్ను పెంచి బడి పెట్టే రాజకీయ నాయకుణ్ణి మీరు చివరిసారి ఎప్పుడు చూశారు? ఈ చట్టం గొప్పంతా గవర్నరుకే రాస్తారు. గవర్నరు పాత్ర తక్కువేం కాదు. సభలో దాన్ని మోసినవాళ్ళలో ముందు వరసలో వున్నది ఎబెనేజర్ పంతులు. పెద్దవాళ్ళకు రాత్రి బడి పెట్టమని అడిగి కాదనిపించుకున్నవాడు పదిహేనేళ్ళు తిరిగేసరికి రాష్ట్రంలోని పసిపిల్లలందరికీ బడి పెట్టించాడు. ఆ బడుల్లోకి తెల్ల పేదల పిల్లలు కూడా వచ్చారు.

ఆయన ఓటములు కూడా చెప్పకపోతే నేను భజన చేసినట్టే. 1982లోనే డెల్టా నియోజకవర్గం నుంచి అమెరికా కాంగ్రెస్‌కు పోటీ చేశాడు. జనాభాలో సగానికి పైగా నల్లవాళ్ళే. ఓటు వయసు వచ్చినవాళ్ళలో మాత్రం తెల్లవాళ్ళది పైచేయి. ఎదుటి అభ్యర్థి వెబ్ ఫ్రాంక్లిన్ ప్రచారం ఒకే మాట మీద నడిచింది. 'ఇతను మనవాడు.' అంతే! ఎవరి మనవాడో, ఎవరు పరాయివాడో విడమరిచి చెప్పక్కర్లేదు. స్వల్ప తేడాతో క్లార్క్ ఓడాడు. 1984లో మళ్ళీ నిలబడి మళ్ళీ స్వల్ప తేడాతో ఓడాడు. 1986లో అదే సీటు నుంచి మైక్ ఎస్పీ అనే యువకుడు గెలిచి వందేళ్ళ తర్వాత మిసిసిపీ నుంచి కాంగ్రెస్‌కు వెళ్ళిన నల్లవాడయ్యాడు. ముందువాడు రెండుసార్లు పడి గట్టు తెంపితేనే వెనకవాడికి నీళ్ళు పారాయి. చరిత్రలో గెలిచినవాడి పేరే పైన వుంటుంది. మనం రెండు పేర్లూ రాసుకోవాలి.

1992లో సభ్యులంతా కలిసి క్లార్క్‌ను స్పీకర్ ప్రొటెంగా ఎన్నుకున్నారు. మన డిప్యూటీ స్పీకరు లాంటి పదవి. ఆ పదవిలోకి వచ్చిన మొదటి నల్లవాడు. స్పీకరు లేనప్పుడు సభ నడిపేది ఆయనే. ఒకప్పుడు పక్కన కూర్చోవటానికి ఒక్కడు రాని సభలో, మాట్లాడాలంటే అందరూ ఆయన అనుమతి అడగాల్సి వచ్చింది. 2004లో దిగిపోయాడు. జాక్సన్‌లో ఒక ప్రభుత్వ భవనానికి ఆయన పేరు పెట్టారు. నల్లవాడి పేరు పెట్టిన మొదటి రాష్ట్ర ప్రభుత్వ భవనం అది. ఆయన సీటుకు కొడుకు బ్రయంట్ క్లార్క్ గెలిచి వచ్చాడు. తండ్రి సీటు కొడుక్కి రావటం మంచిదా చెడ్డదా అని మీరు నన్నడిగితే, మన దగ్గర చూస్తున్నాం గనక నాకు కొంచెం ఇబ్బందిగానే వుంటుందని చెబుతాను.

మరి హోమ్స్ కౌంటీ ఏమయింది? నిజం చెప్పుకుందాం. ఆ కౌంటీ ఇప్పటికీ మిసిసిపీలో బాగా పేద కౌంటీలలో ఒకటి. 1960లో 27 వేలున్న జనాభా 2020 లెక్కల్లో 17 వేలు. పని లేక జనం పోయారు. దేశం మొత్తం మీద 1920లో 9 లక్షలకు పైగా నల్ల రైతులుంటే 1992 లెక్కకు 20 వేల లోపుకు పడిపోయారు. ప్రభుత్వ వ్యవసాయ శాఖే అప్పుల దగ్గర తమకు వివక్ష చూపిందని నల్ల రైతులు కేసు వేస్తే 1999లో పరిహారం ఒప్పందం కుదిరింది. అప్పటికే చాలామంది నేల పోయింది. ఏ నేల ఓటును మోసిందో ఆ నేల ఓటు వచ్చాక కరిగిపోయింది. 36 ఏళ్ళు ఆయన కూర్చున్న సభ మీద ఎగిరిన రాష్ట్ర జెండాలో బానిసల యజమానుల సైన్యం గుర్తు వుండేది. 2001లో ఓటింగ్ పెడితే జనం దాన్నే వుంచమన్నారు. 2020లో గాని అది దిగలేదు.

అయితే ఆయన జీవితం వృథానా? కాదు. ఒక శాసనసభ్యుడు ఏం చేయగలడో, ఏం చేయలేడో రెండూ ఆయన జీవితంలో కనిపిస్తాయి. అక్షరం తేగలిగాడు, నేల కాపాడలేకపోయాడు. నేల కాపాడటం ఒక్క సభ్యుడి వల్ల అయ్యే పని కాదు. దానికి మైల్‌స్టన్‌లో కట్టుకున్నట్టు సహకార సంఘాలు, సొంత జిన్నులు, సొంత పార్టీ నిలబడి వుండాలి. మనిషిని సభకు పంపి, ఇక ఆయన చూసుకుంటాడులే అని మనం ఇంటికి పోతే ఎంత మంచివాడైనా చేయగలిగేది సగమే.

అందుకని మన దగ్గర ఎన్నికలు వచ్చినప్పుడు, మన పేరు మీద ఎవరైనా నిలబడినప్పుడు మూడు ప్రశ్నలు అడుగుదాం. ఇతన్ని పంపుతున్నది ఎవరు? పక్క కుర్చీ ఖాళీగా వుంటే ఎన్నేళ్ళు కూర్చోగలడు? కూర్చున్నాక అడిగే ఒక్క పని ఏమిటి? క్లార్క్ దగ్గర మూడిటికీ జవాబుంది. తన జనం పంపారు, ఎనిమిదేళ్ళు కూర్చున్నాడు, బడి అడిగాడు.

రేపు మీ ఊరికి వెళ్ళాక చేయవలసిన పని ఒకటుంది. మన పేటలో సర్కారు బడికి ఎంతమంది పిల్లలు పోతున్నారో, ఎంతమంది మానేశారో, సెంటు భూమి ఎవరి పేర వుందో, ఎవరిది చేజారిందో ఒక నోటు పుస్తకంలో రాయండి. వచ్చే తరగతికి ఆ పుస్తకం పట్టుకు రండి. మిగతా మాటలు దాన్ని ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.

జై భీమ్!